గడియారముల వర్తకుని సృష్టించిన న్యాయమూర్తి

ఇరుగుపొరుగు దేశములవారు ఒకరినొకరు ఎగతాళి చేసికొనుట లోకమున క్రొత్త కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములవారు ప్రగల్భములు పలుకువారనియు, ధనమే దైవముగా నెంచువారనియు కెనడావారు నవ్వుదురు. కెనడావారు మందకొడివారనియు, చొరవ లేనివారనియు అమెరికావారు నవ్వుదురు. ఈ పరిహాసములకు తొలిదినములలోనే గ్రంథరూపమిచ్చి, ఉభయులను నవ్వించి, ఉభయులకును కోపము తెప్పించిన రచయిత థామస్ ఛాండ్లర్ హాలీబర్టన్.

ఆయన 1796వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన నోవాస్కోషియాలోని విండ్సరు పట్టణమున జన్మించెను. నేడు కెనడాలో భాగమైన ఆ ప్రాంతము నాడు ప్రత్యేకమైన బ్రిటిషు వలస రాజ్యము. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము 1783లో ముగిసిన పిమ్మట, బ్రిటిషు రాజునకు విధేయులైనవారు వేలకొలదిగా అచ్చటికి తరలివచ్చిరి. హాలీబర్టన్ తాతగారు అంతకు పూర్వమే న్యూ ఇంగ్లండునుండి వచ్చి స్థిరపడినవారు. కావున సరిహద్దునకు ఆవల నున్నవారు పరాయివారు కారు, దాయాదులు. దాయాదుల పోరు ఎంత తీవ్రముగా నుండునో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆయన విద్యార్థిగా నున్న కాలముననే, 1812లో, అమెరికాకును బ్రిటనుకును మరల యుద్ధము సంభవించెను.

విండ్సరులోని కింగ్స్ కళాశాలలో 1815లో పట్టము పొంది, 1820లో న్యాయవాదియై, 1826లో ఆయన శాసనసభకు ఎన్నికయ్యెను. తాను ఆంగ్లికను మతశాఖకు చెందినవాడయ్యును, కాథలిక్కులపై నున్న నిర్బంధములను తొలగింపవలెనని 1827లో సభయందు గట్టిగా వాదించెను. 1829లో నోవాస్కోషియా చరిత్రను రెండు సంపుటములుగా వెలువరించి, ఆ యేడే తండ్రి నిర్వహించిన న్యాయమూర్తి పదవిని చేపట్టెను.

న్యాయ విచారణకై ఊరూర తిరుగునపుడు ఆయన మనస్సు నొచ్చెను. సారవంతమైన భూమి, చేపలతో నిండిన సముద్రము, మంచి రేవులు ఉన్నను ప్రజలు కృషి మాని, రాజకీయ వాదములతో కాలము గడుపుచు, తమ కష్టములకు ప్రభుత్వమునే నిందించుచున్నారని ఆయన భావించెను. ఈ మాట తానే చెప్పిన వినువారెవ్వరు? అందుచేత దానిని పొరుగువాని నోట పలికింపనెంచెను. 1835లో జోసెఫ్ హౌ నడుపుచుండిన ‘నోవాస్కోషియన్’ పత్రికలో ఆ రచన ధారావాహికముగా మొదలై, మరుసటి యేడు ‘ది క్లాక్‌మేకర్’ అను గ్రంథమయ్యెను.

అందలి నాయకుడు శాం స్లిక్. అమెరికాలోని కనెక్టికటు రాష్ట్రమునుండి వచ్చి గుఱ్ఱపు బండిపై తిరుగుచు గడియారము లమ్మువాడు. నాడు కనెక్టికటులో చౌకగా తయారైన గడియారములను తిరుగు వర్తకులు నిజముగనే ఊరూర అమ్ముచుండిరి. ముఖస్తుతియు, మానవ స్వభావ జ్ఞానమును శాం స్లిక్ పెట్టుబడి. ఆరున్నర డాలర్ల గడియారమును తాను తిరిగి వచ్చువరకు దాచియుంచుడని ఒక గృహస్థుని ఇంట విడిచిపోవును. ఇంటివారు దానికి అలవాటుపడి విడువజాలక, తుదకు 40 డాలర్లు చెల్లింతురు. ఇట్లు మోసగించుచునే అతడు ఆ ‘నీలిముక్కు’వారి సోమరితనమును ఎండగట్టును. నోవాస్కోషియావారికి అది నాడు వాడుకలో నున్న ఎగతాళి పేరు. ఇంతకును మోసగాడైన యాంకీ, మోసపోయిన నీలిముక్కు, ఇరువురును అపహాస్యము పాలయినవారే. గురివిందగింజ తన నలుపెరుగదన్నట్లు, ఎవరికివారు ఎదుటివానిని చూచి నవ్విరి.

గ్రంథము గొప్ప ప్రచారము పొందెను. 1837లో లండను ప్రకాశకుడు రిచర్డ్ బెంట్లీ అనుమతి లేకయే దానిని అచ్చువేసెను. శాం స్లిక్ పలుకుబడి తమ ప్రాంతపు నిజమైన భాష కాదని అమెరికాలో కొందరు విమర్శకులు ఆక్షేపించిరి. 1843లో ఆరంభమైన ‘ది అటాషే’ గ్రంథమున శాం స్లిక్ ఇంగ్లండునకు వెళ్లి అచ్చటివారిని సయితము విడిచిపెట్టలేదు.

హాలీబర్టన్ పరిహాసమున ఒక మచ్చ కలదు. కాథలిక్కుల హక్కులకై వాదించిన ఆయనయే నల్లజాతివారిని తన గ్రంథములలో అవమానకరముగా చిత్రించెను. స్వజనులను వెక్కిరించినపుడు ఆ మాటల వెనుక వారు బాగుపడవలెనను కోరిక యుండెను; నల్లజాతివారి విషయమున తిరస్కారము మాత్రమే మిగిలెను. రాజకీయములందును ఆయన పూర్వాచార పక్షమునకు చేరి, ప్రజలకు బాధ్యత వహించు ప్రభుత్వమును వ్యతిరేకించెను. దానికై పోరాడిన హౌతో మైత్రి చెడెను. 1848లో నోవాస్కోషియాకు అట్టి ప్రభుత్వము లభించెను.

1856లో పదవి విరమించి ఆయన ఇంగ్లండు చేరెను. 1859లో పార్లమెంటు సభ్యుడై, 1865 ఆగస్టు 27న ఐజిల్‌వర్తులో మరణించెను. కెనడా సమాఖ్య ఏర్పడినది ఆ పిమ్మట రెండేండ్లకు. విండ్సరులోని ఆయన గృహము తరువాత ప్రదర్శనశాలయైనది.

ఎగతాళి పేరునకు మాత్రము చిత్రమైన గతి పట్టినది. 1921లో నోవాస్కోషియాలోని లూనెన్‌బర్గున నిర్మించిన తెరచాప ఓడకు ‘బ్లూనోస్’, అనగా నీలిముక్కు, అని పేరిడిరి. అది పందెములలో గెలిచి కీర్తి గడింపగా, 1937 నుండి కెనడా పది సెంట్ల నాణెముపై తెరచాప ఓడ బొమ్మను ముద్రించిరి. నిందను బిరుదుగా ధరించుట ఆ ప్రజలు నేర్చిరి. న్యాయపీఠముపై ఒక్కొక్క ముద్దాయిని వేరువేరుగా విచారించిన హాలీబర్టన్, గ్రంథములందు జాతులకు జాతులకే తీర్పు చెప్పెను. ఆయన రచన చదువువారు నవ్వుటతోపాటు ఈ భేదమును గూడ గుర్తింపవలెను.