క్రమశిక్షణకు మారుపేరు — రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు

తరగతిగదిలో క్రమశిక్షణను గురించి ప్రసంగం వచ్చినప్పుడెల్లా రెండు అభిప్రాయాలు వినవస్తూ ఉంటాయి. కట్టుదిట్టమైన నియమాలుంటేనేగాని విద్యాలయం నడువదని కొందరంటారు. నానా కులాల, మతాల, భాషల పిల్లలు ఒకేచోట చదివేటప్పుడు నియమాలను సడలించక తప్పదని మరికొందరంటారు. ఈ రెండింటికీ పొత్తు కుదరదనుకోవడం సరికాదని తమ జీవితంతో నిరూపించిన ఆచార్యులు సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు.

ఆయన 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగరీత్యా బాల్యం చాందాలో గడిచింది. అందువల్ల హిందీ, ఉర్దూ, పారసీక భాషలు ఆయనకు చిన్ననాడే పట్టువడినవి. పిమ్మట మన హైదరాబాదులోని నిజాం ఉన్నత పాఠశాలలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో డాక్టర్ విలియం మిల్లరుగారి శిష్యులైనారు. మాతృభాష తెలుగు, పాఠశాల హైదరాబాదు, గురువు స్కాట్లండు దేశీయుడు. భిన్నత్వం ఆయనకు పుస్తకాలలో చదివి తెలుసుకొన్న విషయం కాదు. పెరిగిన వాతావరణమే అది.

యౌవనంలోనే భార్యావియోగం కలిగినది. ఆయన మరల వివాహమాడలేదు. నాటినుండి తెల్లని ఉడుపులు ధరించి, బ్రహ్మసమాజ మార్గంలో నిరాడంబరంగా జీవించారు. ధనికుల ఇండ్లలో వేడుకగా సాగే భోగపుమేళాలను ఖండించి, సాంఘిక పవిత్రతా ఉద్యమాన్ని నడిపారు. ఆ రోజులలో గొప్పవారి విందులకు పోనని చెప్పడం తేలిక కాదు. కాని విద్యార్థులను వలదన్న చోటికి తాము వెళ్ళరాదన్నది ఆయన నియమం.

మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలోను, మచిలీపట్నం నోబుల్ కళాశాలలోను బోధించి, 1899లో సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. మన రాంనగరు నుండి ముషీరాబాదు మీదుగా సికింద్రాబాదు పోయేవారికి ఆ కళాశాల దూరమేమీ కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేర వెలసిన ఆ విద్యాలయానికి దాదాపు అయిదేండ్లు పెద్దదిక్కుగా ఉండి, ఆపైన కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాల ప్రిన్సిపాలుగా వెళ్ళి, 1919 వరకు అక్కడ పనిచేశారు.

ఆయన కీర్తికి మూలం కాకినాడలోని ఆ సంవత్సరాలే. స్త్రీలు కళాశాల గడప తొక్కడమే వింత అయిన ఆ కాలంలో, బాలురతోపాటు బాలికలను చేర్చుకొన్నారు. అస్పృశ్యులని సమాజం దూరముంచినవారికి చోటిచ్చారు. పిఠాపురం మహారాజావారి ఔదార్యంతో అనాథశరణాలయం, వసతిగృహం నెలకొన్నవి. తమ జీతంలో అధికభాగం పేద విద్యార్థులకే వెచ్చించారు.

తలుపు తెరచినంత మాత్రాన తరగతి నిలువదు. బాలుర నడుమ ఒక బాలిక భయం లేకుండా కూర్చోవాలన్నా, బల్ల కొసన ఉన్న దళిత బాలుడు తలయెత్తి ప్రశ్న అడగాలన్నా, ఎవరు ఎట్లు మెలగవలెనో అందరికీ ముందే తెలిసి ఉండాలి. నియమం అస్పష్టంగా ఉన్నచోట బలవంతుని ఇష్టమే నియమమవుతుంది. దానివల్ల నష్టపోయేది ఎల్లప్పుడూ బలహీనుడే. కనుక నాయుడుగారి నిక్కచ్చితనం కాఠిన్యం కాదు. కొత్తగా వచ్చినవారికి అది రక్షణ.

ఆయన జీవితాన్ని పరిశీలిస్తే మాకు తోచే విశేషం మరొకటి ఉన్నది. సహాయంలో ఆయన వ్యత్యాసం పాటించారు. ఒకరికి జీతం మినహాయింపు, ఒకరికి భోజనం, మరొకరికి నివాసం. నడవడి విషయంలో మాత్రం వ్యత్యాసం లేదు. పేదవాడని తక్కువ ఆశించడం కూడా ఒకవిధమైన చిన్నచూపే. అవసరాన్నిబట్టి సాయం, అందరికీ ఒకే నియమం: ఇదే ఆయన మార్గం.

1924లో ఆయనకు సర్ బిరుదు లభించినది. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1939 మే 26న కీర్తిశేషులైనారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి వంటి శిష్యులు ఆయనను జీవితాంతం గురుదేవులుగా స్మరించారు. భయపెట్టిన గురువును శిష్యులు అట్లు తలచుకోరు.

ఉర్దూలో తాలీమ్, తర్బియత్ అనే రెండు మాటలు జంటగా వినిపిస్తాయి; ఒకటి చదువు, రెండవది పెంపకం. నాయుడుగారు ఈ రెంటినీ విడదీయలేదు. మన తరగతులలో ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారున్నారు, తెలుగు మాధ్యమంవారున్నారు, ఇంటిలో మొట్టమొదట కళాశాలకు వచ్చినవారూ ఉన్నారు. విద్యాసంవత్సరం మొదటి వారంలోనే, రెండు భాషలలోను, హాజరు, మాటతీరు, పరస్పర గౌరవం గురించిన నియమాలను కొద్దిమాటలలో చెప్పి గోడమీద వ్రాసి ఉంచినట్లయితే ఎంతో మేలు కలుగుతుందని కళాశాల పాలకవర్గంవారికి విన్నవిస్తున్నాము. ఆ నియమాలు అధ్యాపకులమైన మాకు కూడా వర్తించాలి. గంట మ్రోగిన తరువాత తరగతికి వచ్చే ఉపాధ్యాయుడు ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని ఏమని అడుగగలడు?

విద్యార్థినీ విద్యార్థులారా, పక్కన కూర్చున్నవారిని నవ్వులపాలు చేయకుండుటతోనే క్రమశిక్షణ మొదలవుతుంది. అది మీరు ఎవరి ఆజ్ఞకూ ఎదురుచూడకుండా నేడే చేయగలిగిన పని.