సర్టిఫికెట్ లేదు.. పాత వైస్ బాగుచేసి ఉద్యోగం కొట్టాడు! లేత్ మెషీన్ రూపు మార్చిన హెన్రీ మాడ్స్‌లే కథ

మెకానికల్ చదివేవాళ్లను ఒక ప్రశ్న అస్సలు వదలదు. డిగ్రీ చేతికొచ్చాక, కంపెనీలో మొదటి రోజే ఎవరైనా ఓ ముక్క చేతిలో పెట్టి పని చెబితే.. చేయగలమా?

రెండు శతాబ్దాల కిందట లండన్‌లో సరిగ్గా ఇదే పరీక్ష ఎదుర్కొన్నాడు ఓ 18 ఏళ్ల కుర్రాడు. కాలేజీ చదువు లేదు. ట్రైనింగ్ పూర్తి చేసినట్టు కాగితం కూడా లేదు. కానీ ఈ రోజు మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో, బీటెక్ వర్క్‌షాపుల్లో కనిపించే లేత్ మెషీన్ ఇప్పుడున్న రూపానికి రావడంలో అతనిది పెద్ద చెయ్యి. పేరు హెన్రీ మాడ్స్‌లే. అసలు ఎవరీయన? ఆ నైపుణ్యం ఎక్కడ్నుంచి వచ్చింది?

తొమ్మిదేళ్లకే తండ్రి దూరం.. పన్నెండేళ్లకే పనిలోకి

1771 ఆగస్టు 22న లండన్ దగ్గర థేమ్స్ నది ఒడ్డున ఉన్న వూలిచ్‌లో పుట్టాడు హెన్రీ. అక్కడ బ్రిటన్ సైన్యానికి ఆయుధాలు తయారుచేసే రాయల్ ఆర్సెనల్ ఉండేది. తండ్రి అందులోనే పనిచేసేవాడు. ఏడుగురు పిల్లల్లో హెన్రీ ఐదోవాడు. 1780లో తండ్రి చనిపోయాడు. పన్నెండేళ్లు వచ్చేసరికి హెన్రీ కూడా ఆర్సెనల్‌లో పనికి కుదిరాడు. చేసే పని.. తూటాల్లో మందుగుండు కూరడం.

రెండేళ్ల తర్వాత వడ్రంగి పనికి మార్చారు. కానీ కుర్రాడి మనసంతా కొలిమి దగ్గరే. చెక్క కంటే ఇనుమే అతనికి నచ్చింది. దాంతో 15 ఏళ్లకు కమ్మరి పనిలోకి పంపారు. అక్కడ మొదలైంది అసలు కథ. బరువైన సమ్మెట పనుల కంటే చిన్నవి, సున్నితమైనవి, లెక్క తప్పకూడని పనుల్లో అతని చెయ్యి బాగా తిరిగింది. ఆకురాయి పట్టాడంటే ఇనుప ముఖం చదునుగా రావాల్సిందే. మూడేళ్లు తిరిగేసరికి ఆ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో హెన్రీ పేరు తెలియనివాళ్లు లేరు.

ఇంటర్వ్యూ కాదు.. స్కిల్ టెస్ట్!

అదే సమయంలో లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే ఇంజినీర్ పెద్ద చిక్కులో ఉన్నాడు. 1784లో కొత్త రకం తాళానికి పేటెంట్ తీసుకున్నాడు. డిజైన్ అద్భుతం. కానీ దాని లోపలి భాగాలను అంత కచ్చితంగా చేసే పనివాళ్లే దొరకడం లేదు. కాగితం మీద గీసిన బొమ్మ వస్తువు కావాలంటే చెయ్యి తిరిగినవాడు కావాలి కదా.

ఎవరో హెన్రీ పేరు చెప్పారు. తీరా చూస్తే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. పైగా అప్పటి పద్ధతి ప్రకారం ఏడేళ్లు అప్రెంటిస్‌గా పనిచేసి ఉండాలి. హెన్రీకి అది లేదు. అలాంటివాడిని తీసుకుంటే మిగతా పనివాళ్లు ఊరుకోరు.

మరి ఏం జరిగింది? తర్వాతి తరం ఇంజినీర్లు చెప్పుకొన్న కథ ఇది. షాపులో దవడలు అరిగిపోయిన ఓ పాత బెంచ్ వైస్ ఉంది. దాన్ని సాయంత్రం ఆరింటిలోగా కొత్తదానిలా చేసి ఇస్తే పనిలో పెట్టుకోవాలని మాట అనుకున్నారు. హెన్రీ కోటు విప్పాడు. కొలిమిలో పెట్టి వైస్ దవడలకు కొత్త ఉక్కు అతికించాడు. ఆకురాయితో సాపు చేసి పళ్లు కోశాడు. ఆ తర్వాత కాల్చి గట్టిపరిచాడు. ఆరు కొట్టకముందే వైస్ రెడీ. ఇక ఏడేళ్ల కాగితం గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ ఒక్క పనిలో ఎన్ని ఉన్నాయో! ఏ లోహం దేనికి అతుకుతుంది, ఎంత వేడి కావాలి, ఏది ముందు చేయాలి, ఏది తర్వాత, టైమ్ ఎలా పంచుకోవాలి. గట్టిపరిచాక పళ్లు కోద్దామంటే ఆకురాయి ఎక్కదు. వరుస తప్పితే పని మొత్తం పాడే. జాబ్ రెడీ అని ఈ రోజు కంపెనీలు అడిగేది సరిగ్గా దీన్నే.

ఎవరూ తెరవలేని తాళం

బ్రామా తాళాన్ని హెన్రీ చేసి చూపించాడు. ఆ తాళాన్ని షాపు కిటికీలో పెట్టి, దొంగతాళంతో తీసినవాళ్లకు 200 గినీల బహుమతి అని సవాల్ విసిరాడు బ్రామా. దశాబ్దాలు గడిచినా ఒక్కరివల్ల కూడా కాలేదు. చివరికి 1851లో లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్ సమయంలో అమెరికా తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ తెరిచాడు. అది కూడా 16 రోజుల వ్యవధిలో దాదాపు 50 గంటలు కష్టపడ్డాక! అప్పటికి తాళం చేసిన హెన్రీ చనిపోయి ఇరవై ఏళ్లయింది.

ఇక్కడే ఇంకో విషయం గమనించాలి. హెన్రీ తాళం చేసి ఊరుకోలేదు. ఆ తాళం భాగాలను చేసే యంత్రాలను కూడా తయారుచేశాడు. ఒక ముక్క బాగా చేయడం ఒక ఎత్తు. అలాంటి ముక్కలు వెయ్యి చేసినా ఒకేలా వచ్చేలా చూడటం ఇంకో ఎత్తు. పనివాడు ఇంజినీర్‌గా మారేది అక్కడే.

30 షిల్లింగుల దగ్గర ఆగిపోయిన జీతం

కొద్దికాలానికే బ్రామా వర్క్‌షాపులో హెన్రీ ఫోర్‌మన్ అయ్యాడు. 1791లో బ్రామా ఇంట్లో పనిచేసే సారా టిండెల్‌ను పెళ్లి చేసుకున్నాడు. సంసారం పెరిగింది. జీతం మాత్రం వారానికి 30 షిల్లింగులే. తాళం మీద పెట్టిన 200 గినీల బహుమతి అంటే హెన్రీకి రెండున్నరేళ్లకు పైగా జీతంతో సమానం! 1797లో జీతం పెంచమని అడిగాడు. బ్రామా కుదరదన్నాడు.

ఎనిమిదేళ్ల ఉద్యోగం అక్కడితో ముగిసింది. లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దగ్గర వెల్స్ స్ట్రీట్‌లో ఓ చిన్న షెడ్డు తీసుకుని సొంతంగా మొదలుపెట్టాడు. తొలి ఆర్డర్ ఏంటో తెలుసా? ఓ చిత్రకారుడు బొమ్మ గీసేటప్పుడు పెట్టుకునే ఇనుప స్టాండ్. చిన్న పనే. కానీ ఆ పని చూసి ఇంకో పని వచ్చింది. దాన్ని చూసి మరోటి.

లేత్‌లో ఏం మార్చాడు?

అప్పటిదాకా లోహం తిప్పే లేత్‌ల మీద చాలాచోట్ల ఉలిని చేత్తోనే పట్టుకునేవారు. చెయ్యి వణికితే పని వంకర. ఇక మరలు కోయడం అయితే మరీ కష్టం. ఒక్కో బోల్టు ఒక్కో లెక్క. ఈ బోల్టుకు చేసిన నట్టు ఇంకో బోల్టుకు పట్టదు. మెషీన్ విప్పితే ఏ నట్టు దేనిదో గుర్తు పెట్టుకోవాల్సిందే.

ఉలిని గట్టిగా పట్టుకుని జరిగే స్లైడ్ రెస్ట్, దాన్ని నడిపించే లీడ్ స్క్రూ, తిరిగే స్పిండిల్ వేగాన్ని లీడ్ స్క్రూ వేగంతో కలిపే గేర్లు.. వీటన్నిటినీ ఒక్క గట్టి ఇనుప లేత్ మీదికి తెచ్చాడు మాడ్స్‌లే. సుమారు 1800 నాటికి అది పనిలోకి దిగింది. గేర్లు మారిస్తే చాలు, కావాల్సిన పిచ్‌తో మర వస్తుంది. వీటిలో కొన్ని ఆలోచనలు అంతకుముందే వేరేవాళ్లకు వచ్చాయి. కానీ రోజూ వర్క్‌షాపులో వాడుకునేలా, నమ్మకంగా పనిచేసేలా చేసిన ఘనత ఈయనదే. తన షాపులో మరలకు ఒక పద్ధతి ప్రకారం కొలతలు కూడా పెట్టాడు.

ఆ తర్వాత ఆయన షాపులో తయారైన ఓ మర పొడవు 5 అడుగులు. ఒక్కో అంగుళానికి 50 చుట్లు. ఈ రోజు సీఎన్‌సీ మెషీన్ మీద పనిచేసేవాళ్లు కూడా ఈ లెక్క విని ఒక్క క్షణం ఆగుతారు.

10 మంది.. 110 మంది పని!

ఇప్పుడు కథలో అసలైన మలుపు. అప్పట్లో బ్రిటన్ నౌకాదళానికి ఏడాదికి లక్ష కప్పీలు కావాలి. తెరచాపల తాళ్లు లాగే చెక్క కప్పీలవి. అన్నీ చేత్తో చేసేవే. వాటిని యంత్రాలతో చేయొచ్చని డిజైన్ గీసినవాడు మార్క్ బ్రునెల్. ఆ యంత్రాలను నిజం చేసినవాడు మాడ్స్‌లే. పోర్ట్స్‌మత్ డాక్‌యార్డ్‌లో 40కి పైగా యంత్రాలు వరుసగా నిలిచాయి. 1808లో అక్కడ తయారైన కప్పీలు లక్షా 30 వేలు. 110 మంది చెయ్యి తిరిగిన పనివాళ్ల పనిని పెద్దగా నైపుణ్యం లేని 10 మందే చేసేశారు.

అంటే నైపుణ్యంతోనే బతికిన మనిషి, వంద మంది నైపుణ్యం అక్కర్లేకుండా చేశాడా? ఒక రకంగా అంతే. దాన్ని దాచాల్సిన పనిలేదు. కప్పీలు చెక్కడం ఒక్కటే వచ్చినవాళ్లకు అక్కడ పని తగ్గిపోయింది. కానీ ఆ యంత్రాలను చేసేవాళ్లకు, అమర్చేవాళ్లకు, కొలతలు సరిచూసేవాళ్లకు గిరాకీ పెరిగింది. ఆటోమేషన్, రోబోలు అని ఈ రోజు మనం భయపడుతున్నదీ ఇదే. ఏది పోయింది, ఏది మిగిలింది అన్న లెక్క 1808లోనే తేలిపోయింది. ఒకే వస్తువుకు అతుక్కున్న నైపుణ్యం పోయింది. కొలత, లోహం, యంత్రం తెలిసిన నైపుణ్యం మిగిలింది.

తీర్పు చెప్పే కొలత

మాడ్స్‌లే తన బెంచి మీద ఓ మైక్రోమీటర్ పెట్టుకున్నాడు. అంగుళంలో పదివేలో వంతు వరకు తేడా పట్టేది అది. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదది. షాపులో ఏ ముక్క సరైందో, ఏది కాదో తేల్చేది ఆ పరికరమే. అందుకే దానికి బ్రిటన్ పెద్ద న్యాయాధికారి హోదా పేరు పెట్టారు.. లార్డ్ ఛాన్సలర్! దాని తీర్పు మీద అప్పీల్ లేదన్నమాట.

పనివాళ్ల బెంచీల మీద బాగా చదునుగా చేసిన ఇనుప పలకలు కూడా ఉండేవి. చేసిన ముక్కను వాటి మీద ఆనించి ఎత్తుపల్లాలు చూసుకోవాలి. ఎవరి పని వాళ్లే పరీక్షించుకోవాలి. ఫస్టియర్ ఫిట్టింగ్ ల్యాబ్‌లో ఇనుప ముక్కను ఆకురాయితో రుద్దుతూ, ట్రై స్క్వేర్ పెట్టి వెలుతురు వస్తోందా అని చూసి, మళ్లీ రుద్దినప్పుడు విసుగొచ్చిందా? మాడ్స్‌లే షాపులో పని నేర్పింది కూడా దాదాపు అలాగే.

వారానికి 10 షిల్లింగులు.. అదే పెద్ద యూనివర్సిటీ

1810లో వర్క్‌షాపు లాంబెత్‌కు మారింది. తర్వాత జాషువా ఫీల్డ్ భాగస్వామిగా చేరాడు. ఓడల ఆవిరి ఇంజిన్లలో ఆ కంపెనీకి తిరుగులేని పేరొచ్చింది. 1825లో ఇంగ్లండ్ నుంచి కలకత్తాకు వచ్చిన తొలి ఆవిరి ఓడ ఎంటర్‌ప్రైజ్‌కు ఇంజిన్లు ఇచ్చింది కూడా ఈ షాపే. థేమ్స్ నది కింద సొరంగం తవ్వడానికి బ్రునెల్‌కు కావాల్సిన షీల్డ్ తయారైందీ ఇక్కడే.

కానీ ఆయన అసలు ఆస్తి మనుషులు. 1829లో ఎడిన్‌బరా నుంచి జేమ్స్ నాస్మిత్ అనే 20 ఏళ్ల కుర్రాడు వచ్చాడు. డబ్బు తీసుకుని అప్రెంటిస్‌లను చేర్చుకోవడం మాడ్స్‌లే అప్పటికే మానేశాడు. నాస్మిత్ మాత్రం సిఫార్సు లేఖ కంటే గట్టిదే తెచ్చుకున్నాడు. తన చేత్తో చేసిన చిన్న ఆవిరి ఇంజిన్, తాను గీసిన డ్రాయింగులు. అవి చూశాక మాడ్స్‌లే మాట మారింది. వారానికి 10 షిల్లింగుల జీతంతో తన సొంత అసిస్టెంట్‌గా పెట్టుకున్నాడు. ఆ డబ్బుతోనే బతకాలని నాస్మిత్ ఓ చిన్న నూనె దీపం పొయ్యి చేసుకుని దాని మీదే వండుకునేవాడు. తర్వాత స్టీమ్ హామర్ తెచ్చింది ఈ నాస్మితే.

ఇంకా ఉన్నారు. 1841లో మరలకు ఒకే ప్రమాణం ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్త్, నూలు వడికే యంత్రాన్ని దానంతట అదే నడిచేలా చేసిన రిచర్డ్ రాబర్ట్స్, చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రానికి భాగాలు చేసిన జోసెఫ్ క్లెమెంట్.. అందరూ ఈ షాపులో పనిచేసి వెళ్లినవాళ్లే.

వాళ్లకు ఆయన నేర్పింది సింపుల్. చేయాల్సింది ఏంటో ముందు బుర్రలో స్పష్టంగా ఉండాలి. అక్కర్లేని భాగం ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక్క తులం లోహం కూడా వృథా చేయకూడదు.

1831 జనవరిలో ఫ్రాన్స్ నుంచి తిరిగొస్తూ జలుబు చేసి మంచం పట్టాడు మాడ్స్‌లే. నాలుగు వారాల తర్వాత ఫిబ్రవరి 14న కన్నుమూశాడు. పుట్టిన వూలిచ్‌లోనే సమాధి. దాని మీది పోత ఇనుప స్మారకాన్ని కూడా ముందే తనే డిజైన్ చేసుకున్నాడు.

ఇప్పుడు ఈ కథ నుంచి మెకానికల్ స్టూడెంట్స్ తీసుకోవాల్సింది ఏంటి? డిగ్రీ వద్దని కాదు. ఈ రోజు చాలా ఉద్యోగాలకు అది లేకుండా గేటు దాటనివ్వరు. కానీ గేటు దాటాక అడిగేది వేరే. హెన్రీ దగ్గర బాగుచేసిన వైస్ ఉంది. నాస్మిత్ దగ్గర నడిచే చిన్న ఇంజిన్ ఉంది. మీరు వెళ్లేటప్పుడు మీ చేతిలో ఏముంటుంది? సొంతంగా కొలిచి, గీసి, కోసి, తప్పు సరిదిద్దుకుని పూర్తి చేసిన ఒక్క పని.. చిన్నదైనా సరే. ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.