కోట వారసుడు... చదువుల కాపరి
నూజివీడు సంస్థానం కథలో రంగయ్య అప్పారావుది ప్రత్యేక అధ్యాయం

నూజివీడు: ఏలూరు నుంచి, కొల్లేటి పల్లం నుంచి వాయవ్య దిక్కుగా సాగితే వరిచేలు వెనుకబడి మామిడితోటలు ఎదురవుతాయి. ఆ మెరక నేలకు కేంద్రం నూజివీడు. 2022 ఏప్రిల్‌ 4న జిల్లాల పునర్విభజనతో కృష్ణా జిల్లాను వీడి ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణం రసాలకు, వీణలకు ఎంత పేరుగాంచిందో, మేకావారి జమీందారీకీ అంతే పేరుగాంచింది. ఆ సంస్థానపు చివరి తరం ప్రముఖుల్లో రాజా మేకా రంగయ్య అప్పారావు ఒకరు. తాతముత్తాతలు శిస్తులు వసూలు చేసిన సీమలో ఆయన ఓట్లు అడిగారు. అనంతరం విశ్వవిద్యాలయాన్ని నడిపారు. ఆయన జీవితాన్ని తెలుసుకోవాలంటే ముందు ఆ కోట గాథ తెలియాలి.

ముక్కలైన సంస్థానం

నువ్వుచేల నడుమ వెలసిన వీడు కనుక నూజివీడు అయిందని జనశ్రుతి. మేకా వంశీయులు అప్పారావు అనే బిరుదును ఇంటిపేరుతో సమానంగా ధరించి ఇక్కడ కోట కట్టుకున్నారు. 18వ శతాబ్ది చివరి భాగంలో నారయ్య అప్పారావు కాలంలో ఈస్టిండియా కంపెనీతో వైరం ముదిరి కోట ఆంగ్లేయ సేనల వశమైంది. 19వ శతాబ్ది ఆరంభంలో శాశ్వత శిస్తు నిర్ణయం వచ్చేసరికి పెద్ద జమీందారీ నూజివీడు, నిడదవోలు ఎస్టేట్లుగా రెండయింది. తదుపరి తరాల పంపకాలలో వుయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు వంటి శాఖలు విడివడ్డాయి. కోట ఒకటే అయినా దాని వెనుకనున్న భూమి తరతరానికీ తరుగుతూ వచ్చింది.

మరోవంక రైతుల గొంతు పెరిగింది. 1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడగా, రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ ప్రాంతాల పరిస్థితులపై విచారణ సంఘం పనిచేసింది. స్వాతంత్ర్యానంతరం 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం రావడంతో జమీందారీలు రైత్వారీ కిందకు మారాయి. శిస్తు వసూలు చేసే హక్కు పోయింది. కచేరీకి పని లేకపోయింది.

ప్రజల మధ్యకు...

అటువంటి సంధికాలంలో జమీందారీ కుటుంబాలు తలొక దారి పట్టాయి. మీర్జాపురం రాజా చలనచిత్ర నిర్మాణంలోకి వెళ్లి, ఆగిరిపల్లి కొండమీది స్వామి పేరిట శోభనాచల సంస్థను నడిపారు. రంగయ్య అప్పారావు రాజకీయాలను, విద్యను ఎంచుకున్నారు. నూజివీడు నుంచి శాసనసభకు పలుమార్లు ఎన్నికయ్యారు. రాష్ట్ర మంత్రిగా ఎక్సైజు, మద్యనిషేధ శాఖలను నిర్వహించారు. ఒకప్పుడు రైతు కోట గుమ్మం వద్ద వేచి ఉండేవాడు. ఇప్పుడు కోట వారసుడే రైతు వాకిట నిలవవలసి వచ్చింది. ఆ మార్పును అంగీకరించడంలోనే ఆయన విజ్ఞత ఉంది.

అప్పారావుల కుటుంబానికి చదువులతో అనుబంధం కొత్త కాదు. విజయవాడలో 1937లో నెలకొన్న ఎస్‌.ఆర్‌.ఆర్‌. అండ్‌ సి.వి.ఆర్‌. కళాశాల పేరులోని తొలి భాగం రాజా రంగయ్యప్పారావుదే. విశ్వనాథ సత్యనారాయణ తెలుగు బోధించిన కళాశాల అది. నూజివీడులో 1966లో డిగ్రీ కళాశాల ఏర్పడినప్పుడు దానికి వంశంలోని ధర్మా అప్పారావు పేరు పెట్టారు. ఉన్నత విద్యకై బెజవాడకో, బందరుకో, ఏలూరుకో వెళ్లలేని మెరక గ్రామాల పిల్లలకు ఆ కళాశాల ఆసరా అయింది.

ఉపకులపతిగా ఆరేళ్లు

1974లో రంగయ్య అప్పారావు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిని చేపట్టారు. అంతకుముందు ఆ పీఠంపై ఉన్నవారు దళిత కుటుంబం నుంచి ఎదిగిన లంకపల్లి బుల్లయ్య. సంస్థానాల కాలంలో ఊహకు అందని వరుస ఇది. జన్మ ఏదైనా విద్యాపీఠం ముందు ఇద్దరూ సమానులే అయ్యారు. 1980 వరకు ఆయన ఆ బాధ్యతలో కొనసాగారు. 1926లో స్థాపితమైన విశ్వవిద్యాలయానికి ఆయన హయాంలోనే 1976లో యాభై ఏళ్లు నిండాయి. అదే ఏడాది నాగార్జున విశ్వవిద్యాలయం విడిగా ఏర్పడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల కళాశాలలు దాని పరిధిలోకి వెళ్లాయి. ఆ విధంగా స్వగ్రామంలోని కళాశాల సైతం ఆయన ఏలుబడి దాటిపోయింది. జమీందారీలో పంపకం జరిగితే వారసులకు మిగిలేది తక్కువ. విశ్వవిద్యాలయం విడిపోతే మాత్రం విద్యార్థికి చదువు దగ్గరవుతుంది.

2003లో ఆయన పరమపదించారు. నూజివీడులోని స్నాతకోత్తర కేంద్రం ఆయన పేరుతోనే వెలసింది. మొదట నాగార్జున విశ్వవిద్యాలయానికి, తరువాత కృష్ణా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం ట్రిపుల్‌ ఐటీ సైతం ఈ పట్టణానికే వచ్చింది. వేలాది యువతీయువకులు పెట్టెలు పట్టుకుని బస్సు దిగే ఊరు ఇది. వారిలో అత్యధికులు కోట కథ ఎరుగరు.

కోటలు శిథిలమవుతాయి, దస్తావేజులు చివికిపోతాయి. వాటిని కాపాడుకోవడం నేటి తరం కర్తవ్యం. అయితే సంస్థానపు అసలైన మిగులు ఆ గోడలలో లేదు. కౌలురైతు బిడ్డ ఉదయాన్నే పుస్తకాలతో కళాశాల గేటు దాటుతున్నాడు. ఒకప్పుడు అతడి ముత్తాత శిస్తు మోసుకుని నడిచినదీ ఈ ఊరి బాటనే.