లార్డు కెల్విన్

ఉష్ణమానమును గూర్చిన పాఠములలో కెల్విన్ అను మాటను మన విద్యార్థులు వినియే యుందురు. అది యొక మహాశాస్త్రజ్ఞుని బిరుదునామ మని యెఱిగినవారు కొందఱే. ఆయన చరిత్రమును సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

విలియం థామ్సన్ 1824 వ సంవత్సరము జూన్ 26 వ తేదీన ఐర్లాండులోని బెల్‌ఫాస్టు పట్టణమున జన్మించెను. ఆఱవ యేటనే తల్లిని గోల్పోయెను. గణితోపాధ్యాయుడగు తండ్రియే బిడ్డలకు చదువు చెప్పెను. 1832 లో తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఉద్యోగము లభింపగా కుటుంబ మచ్చటికి చేరెను. బాలుడు పదియేండ్ల ప్రాయముననే ఆ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. పిమ్మట కేంబ్రిడ్జిలో చదివి, 1846 లో 22 ఏండ్ల వయస్సున గ్లాస్గోలో ప్రకృతిశాస్త్రాచార్యుడై, 53 సంవత్సరము లా పదవియందే యుండెను. దైవభక్తి గలవాడగుటచే ఉదయపు తరగతిని ప్రార్థనతో నారంభించుట ఆయన వాడుక. 1848 లో నిరపేక్షోష్ణమానమును ప్రతిపాదించెను.

ఆయన కీర్తికి ముఖ్యకారణము అట్లాంటిక్ సముద్రగర్భమున వేసిన తంతి. అంత పొడవైన తీగలో బలహీనమైన విద్యుత్తును పంపి, దానిని మిక్కిలి సున్నితమైన పరికరముతో కనిపెట్టవలె నని థామ్సన్ చెప్పెను. ఇందులకై చిన్న అద్దముపై బడిన కాంతి కదలికచే విద్యుత్తును తెలుపు గాల్వనామీటరును నిర్మించెను. తంతి సంఘపు విద్యుత్ప్రవీణుడగు వైట్‌హౌస్ ఆ మాట వినక, సుమారు 2000 వోల్టుల బలమును ప్రయోగించెను. అసలే లోపములు గల 1858 నాటి తంతి కొలది వారములలోనే మూగవోయెను. ఎంతో ధనము, ఎందఱో నావికుల శ్రమ సముద్రము పాలయ్యెను. థామ్సన్ నిరాశ చెందక మరల పాటుపడెను. 1866 లో తంతి స్థిరముగా నిలిచెను. ఆ యేడే ఆయనకు సర్ బిరుదము లభించెను. 1892 లో లార్డు కెల్విన్ అయ్యెను. గ్లాస్గో విశ్వవిద్యాలయము చెంత ప్రవహించు ఏటి పేరే కెల్విన్.

ఆయన పనులలో చిన్నదిగా గన్పట్టున దొకటి గలదు. రెండు వేఱువేఱు లోహపు పలకల నెదురెదురుగా నుంచి తీగతో కలిపినచో, వాని ముఖములపై కొంచెము విద్యుదావేశము చేరును. పలకను కదిపినపుడు ఆ యావేశము తీగలో ప్రవహించును. ఎదురుగా తగినంత వోల్టేజి నిచ్చినచో ఆవేశము పోవును. పిమ్మట పలకను కదిపినను ప్రవాహ ముండదు. త్రాసులో ఎదుటి తట్టలోని రాళ్లను బట్టి సరకు తూకము తెలియునట్లు, ఆ యెదురు వోల్టేజియే మనకు కొలత యగును. ఈ విషయమును 1898 లో ఆయన విశదముగా ప్రకటించెను.

ఈ విత్తనము ఎంత వృక్షమైనదో చూడుడు. 1991 లో శాస్త్రజ్ఞులు పలకకు బదులు కంపించు సూదిమొన నుంచి కెల్విన్ పద్ధతిని సూక్ష్మదర్శినికి జోడించిరి. 2012 లో స్విట్జర్లాండునందలి ఐ.బి.యం. పరిశోధనాలయమువారు, సిలువ ఆకారము గల నాఫ్తలోసయనిన్ అను ఒకే అణువుపై అట్టి మొనను చుక్క చుక్కకు జరిపి, ఏ వోల్టేజి యొద్ద మొనకును అణువునకును గల ఆకర్షణ అత్యల్పమగునో కొలిచిరి. ఇట్లు ఒక్క అణువులో విద్యుదావేశ మెట్లు పంచబడి యున్నదో పటముగా గీయగలిగిరి. అణువు నడుమనున్న రెండు హైడ్రోజను పరమాణువులు చోటు మార్చగా పటమును మాఱెను. ఈ కొలత అత్యంత శీతలస్థితిలో జరిగినది. ఆ శీతలమును గణించునదియు కెల్విన్ మానమే.

మహనీయులును పొరపడుదురు. భూమి వయస్సు 2 కోట్ల నుండి 4 కోట్ల యేండ్లలోపని కెల్విన్ 1897 లో లెక్కించెను. అది సుమారు 454 కోట్ల యేండ్లని నేడు తేలినది. ఆయన గణితము చక్కనిదే గాని, గ్రహించిన ఆధారములు చాలవయ్యెను.

1907 డిసెంబరు 17 వ తేదీన కెల్విన్ దివంగతుడయ్యెను. వెస్ట్‌మినిస్టర్ ఆలయమున న్యూటను సమాధి చెంత ఆయనను భూస్థాపన చేసిరి.

విద్యార్థులారా! బలప్రయోగముచే చెడిన కార్యము శ్రద్ధతో కూడిన కొలతచే నెఱవేరుట చూచితిరి గదా. ప్రయోగశాలలో ముల్లు కొంచెము కదలినపుడు దాని నుపేక్షింపక వ్రాసికొనుడు. ఆ స్వల్పమైన కదలిక విలువ మీ తరువాతి తరములవారికి తెలియవచ్చును.