రాయలవారి కోటలో ఒంటరి మల్లి
కడప జిల్లా బిడ్డ బి.ఎన్.రెడ్డి కథ

మల్లీశ్వరి సినిమా చూసినవారికి మొదట గుర్తొచ్చేది విజయనగరం కోట కాదు, వాన కురుస్తున్న సత్రం. పొరుగూరు వెళ్ళి బండిలో తిరిగొస్తున్న బావామరదళ్ళు వానకు అక్కడ ఆగుతారు. మారువేషంలో తిరుగుతున్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన కూడా అక్కడికే చేరతారు. మల్లి ఆడి పాడుతుంది. వచ్చింది ఎవరో తెలియని నాగరాజు, మా మల్లికి రాయలవారి పల్లకీ పంపించండని వేళాకోళమాడతాడు. ఆ పల్లకీ నిజంగానే వస్తుంది. వచ్చేనాటికి నాగరాజు ఊళ్లో ఉండడు. డబ్బు సంపాదిస్తే తప్ప పిల్లనివ్వనన్న అత్త మాట పట్టుకుని, శిల్పాలు చెక్కి సొమ్ము కూడబెట్టుకొస్తానని దూరం వెళ్ళి ఉంటాడు. ఆ తల్లి కళ్ళకు పల్లకీతో వచ్చిన బంగారం తప్ప మరేమీ కనిపించదు.

1951 డిసెంబరు 20న విడుదలైన ఈ చిత్రాన్ని తీసిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి మన జిల్లా మనిషి. అప్పటి పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908 నవంబరు 16న పుట్టారు. సినిమా లోకంలో అందరికీ బి.ఎన్. విజయా సంస్థ అధినేత బి.నాగిరెడ్డి, ఛాయాగ్రాహకుడు బి.ఎన్.కొండారెడ్డి ఈయన తమ్ముళ్ళే. సినిమాలో పెద్దన కూడా మనకు పరాయివాడు కాడు. రాయలవారు ఆయనకిచ్చిన అగ్రహారాల్లో ఒకటైన కోకట గ్రామం కమలాపురం ప్రాంతంలోనే ఉంది.

బి.ఎన్. మద్రాసు చేరి, మొదట హెచ్.ఎం.రెడ్డితో కలిసి 1938లో గృహలక్ష్మి నిర్మాణంలో పాలుపంచుకున్నారు. తర్వాత తాడిపత్రికి చెందిన మూలా నారాయణస్వామి అండతో వాహినీ సంస్థ వెలసింది. 1939లో వందేమాతరం, 1940లో సుమంగళి, 1941లో దేవత, 1945లో స్వర్గసీమ వచ్చాయి. ఇవన్నీ సాంఘికాలే. నిరుద్యోగం, వితంతు వివాహం, చెదిరిపోయే సంసారం వంటి ఇంటింటి విషయాలను తెరకెక్కించిన మనిషి రాజుల కథకు దిగుతారని ఆనాడు ఎవరూ అనుకుని ఉండరు. స్వర్గసీమ తర్వాత ఆరేళ్ళు ఆయన పేరుతో కొత్త చిత్రం రాలేదు. ఆ మధ్యలోనే, 1948లో, మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియో నిలబడింది.

రాయలవారి కథ తీయాలనే కోరిక ఆయనకు హంపీ చూసినప్పుడే కలిగింది. బుచ్చిబాబు రాసిన రేడియో నాటకం ఒకటి, ఇంగ్లీషు వారపత్రికలో వచ్చిన కథ ఒకటి ఆధారంగా దొరికాయి. మాటలు, పాటలు రాయడానికి దేవులపల్లి కృష్ణశాస్త్రిని పిలిపించారు. ఆ భావకవికి సినిమా రచన అదే మొదలు. సంగీతం సాలూరు రాజేశ్వరరావు. కోటలు, మండపాలు, వీధులు అన్నీ కళాదర్శకుడు ఏ.కె.శేఖర్ చేతి పని. భానుమతి మల్లి, రామారావు నాగరాజు.

ఇంత హంగు పెట్టుకుని బి.ఎన్. యుద్ధం చూపించలేదు. ఏనుగుల బారులు, కత్తుల సాముతో జనాన్ని కట్టిపడేయాలనీ అనుకోలేదు. దుర్మార్గుడు కూడా లేడు. రాయలు మంచివాడే, పెద్దన మంచివాడే. మరి ఇద్దరు పల్లెటూరి పిల్లలను ఎవరు విడదీశారు? ఒక వేళాకోళం, ఒక తల్లి ఆశ, రాణివాసపు కట్టుబాటు. అంతే. అంతఃపురంలో అడుగుపెట్టిన ఆడపిల్లను పరాయి మగవాడు చూస్తే మరణశిక్ష. ఒంటినిండా నగలున్న మల్లికి మాట్లాడుకునే దిక్కు ఒక్క జలజ. సెట్టు ఎంత పెద్దదైతే ఆ పిల్ల అంత చిన్నదై కనిపిస్తుంది. డబ్బంతా పోసి కట్టించిన కోటను బి.ఎన్. చెరసాలగా వాడుకున్నారని నాకనిపిస్తుంది. ఇటు నాగరాజు రాళ్ళలో మల్లి రూపమే చెక్కుకుంటూ పిచ్చివాడిలా తిరుగుతాడు. ఆ శిల్పమే అతన్ని కోటలోకి తీసుకువెళ్ళి ప్రాణం మీదికి తెస్తుంది. చివరకు రాయలవారి కరుణతో ఇద్దరూ బతికి బయటపడతారు.

ఈ పద్ధతి ఆనాటి వ్యాపారానికి ఒదిగేది కాదు. బి.ఎన్. నిదానస్తుడు. పాట కుదరాలి, వెలుగు కుదరాలి, తారల ముఖంలో భావం కుదరాలి. అంతవరకు ఆగేవారు. రోజులు పెరిగాయి, ఖర్చూ పెరిగింది. అదే 1951 మార్చిలో, తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి కలిసి నిర్మించిన పాతాళభైరవి విడుదలై ఊళ్ళను ఊపేసింది. దర్శకుడు కె.వి.రెడ్డి వాహినీలోనే ఎదిగిన మనిషి. హీరో అదే రామారావు. అన్న చిత్రానికి మెప్పు దక్కింది గాని, ఆ స్థాయి డబ్బు రాలేదు. స్టూడియో కూడా క్రమంగా తమ్ముడి చేతికి వెళ్ళి విజయా వాహినీ అయింది. తను నాటిన చెట్టు నీడలోనే తను అతిథి కావడం ఎలా ఉంటుందో, అన్నదమ్ముల భాగాలు ఎరిగిన పల్లెవాసులకు వేరే చెప్పనక్కరలేదు. తమ్ముడిదీ తప్పని అనలేం. వందలమందికి జీతాలివ్వాల్సిన స్టూడియో ఒక్కరి నిదానం మీద నడవదు.

ఆ తర్వాతి చిత్రాల్లోనూ బి.ఎన్. ఒంటరి మనుషులనే వెతుక్కున్నారు. బంగారుపాపలో ఎవరూ లేని కఠినాత్ముడి చేతికి ఒక పసిబిడ్డ దొరుకుతుంది. ఆ పాత్రలో ఎస్.వి.రంగారావును చూసినవారు మరచిపోలేరు. 1964లో వచ్చిన పూజాఫలంలో పెద్ద భవంతిలో నలుగురితో కలవలేని జమీందారు బిడ్డగా నాగేశ్వరరావు కనిపిస్తారు. మధ్యలో 1960లో రాజమకుటం పేరుతో కత్తియుద్ధాల జానపదం కూడా తీశారు. బాగానే తీశారు గాని, అందులో మల్లీశ్వరి నాటి బి.ఎన్. తక్కువగా దొరుకుతారు. 1966లో రంగులరాట్నంతో చంద్రమోహన్‌ను తెరకు తెచ్చారు. 1969 నాటి బంగారు పంజరం ఆఖరి చిత్రం. పాటలు మళ్ళీ కృష్ణశాస్త్రివే. ఆ పేరు వింటే అంతఃపురంలోని మల్లి గుర్తుకు రాక మానదు.

ముప్ఫయ్యేళ్ళలో పదకొండు చిత్రాలు. నేటి లెక్కలో ఇది చాలా తక్కువ.

మల్లీశ్వరి మాత్రం నిలిచింది. 1953లో చైనా భాషలో మాటలు వేసి ఆ దేశంలో ప్రదర్శించారు. మనవైపు మళ్ళీ మళ్ళీ విడుదలైంది. మొదటిసారి రాని జనం తర్వాత తర్వాత వచ్చారు. 1971లో పద్మభూషణ్, 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు బి.ఎన్.ను వరించాయి. ఆ అవార్డు దక్షిణాదికి రావడం అదే మొదటిసారి.

అప్పటికి ఆయన చిత్రం తీసి ఐదేళ్ళు కావస్తోంది. తర్వాతా తీయలేదు. 1977 నవంబరు 8న, అరవైతొమ్మిది నిండడానికి ఎనిమిది రోజుల ముందు, బి.ఎన్. కన్నుమూశారు.