రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి బహుసాహిత్యాధ్యయనం

తనకల్లు ఒకప్పటి కదిరి తాలూకాలోని మెట్టసీమ గ్రామం. వేమన సమాధి గల కటారుపల్లి కూడా ఆ తాలూకాలోనిదే. ఈ కరువుసీమలో వేమన పద్యం సామాన్యుల నోట తరతరాలుగా నిలిచినా, పండితసభలలో దానికి చాలాకాలం తగిన స్థానం లభించలేదు. ఆ పద్యాన్ని విశ్వవిద్యాలయ వేదికపై కావ్యగౌరవంతో విమర్శించినవారిలో అప్పట్లో అదే జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ముఖ్యులు. సంప్రదాయ విద్యలో పెరిగిన పండితునికి ఈ దృష్టి ఎట్లా అలవడిందో ఆయన జీవితమే తెలుపుతుంది.

శర్మగారు 1893 జనవరి 23న నేటి కంబదూరు మండలంలోని రాళ్లపల్లిలో శ్రీవైష్ణవ కుటుంబంలో జన్మించారు. తండ్రి కర్ణమడకల కృష్ణమాచార్యులు, తల్లి అలమేలుమంగమ్మ. బాల్యంలో తండ్రివద్ద సంస్కృతాంధ్రాలు అభ్యసించి, పిదప మైసూరు చేరి పరకాలమఠాధిపతి శ్రీకృష్ణబ్రహ్మతంత్ర స్వాములవారి సన్నిధిలో సంస్కృత సాహిత్యం చదివారు. సంగీతవిద్య కూడా ఆ నగరంలోనే పరిపాకం చెందింది.

అప్పుడు మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డిగారు శర్మగారి ప్రతిభను గుర్తించారు. 1912లో శర్మగారు ఆ కళాశాలలో తెలుగు పండితులయ్యారు. కేంబ్రిడ్జిలో చదివివచ్చిన రెడ్డిగారి సాహచర్యం వల్ల పాశ్చాత్య విమర్శరీతులు ఆయనకు పరిచితమయ్యాయి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. సుమారు 38 సంవత్సరాలు కన్నడనాట తెలుగు బోధించిన శర్మగారు కన్నడాన్ని పరభాషగా చూడలేదు. ‘గానకలె’, ‘సాహిత్య మత్తు జీవనకలె’ అనే గ్రంథాలను ఆ భాషలోనే రచించారు.

ఆయన దృష్టి ప్రాకృతం వైపు కూడా మళ్లింది. హాలుడు సంకలించిన గాథాసప్తశతి నుండి గాథలను ఎంచి తెలుగు పద్యాలలో ‘శాలివాహన గాథాసప్తశతీ సారము’ వెలయించారు. ఆ గాథలలో కనిపించేవి రాజాస్థానాలు కావు. పల్లెలు, పొలాలు, గృహస్థుల సుఖదుఃఖాలు. రెండు పాదాల చిన్న పద్యంలో ఒక జీవితాన్ని ఇమిడ్చే నేర్పు ఆ సాహిత్యానిది. అట్టి కవిత్వంతో పరిచయం కలవానికి ఆటవెలదిలోని క్లుప్తత దోషంగా తోచదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపితమై, రెడ్డిగారు దాని ప్రథమోపాధ్యక్షులయ్యారు. ఆ పరిషత్తు పక్షాన శర్మగారు 1928లో అనంతపురంలో వేమనను గురించి ఉపన్యసించారు. వేమన కాలం, జీవితం, మతం, నీతి, కవిత్వం వేర్వేరుగా పరిశీలించి, కట్టుకథలను ఆధారాలతో కూడిన విషయం నుండి వేరుచేశారు. ఆ ఉపన్యాసాలు గ్రంథరూపంలో వెలువడి, నేటికీ వేమన పరిశోధకులకు మొదటి మెట్టుగా ఉన్నాయి.

మైసూరు ఉద్యోగానంతరం శర్మగారు తిరుపతి శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధన సంస్థలో చేరారు. 1950లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దివంగతులైన తరువాత తాళ్లపాక సంకీర్తనల పరిష్కరణ భారం వహించి, వందకు పైగా కీర్తనలకు స్వరరచన చేశారు. పలుకుబడిలో సాగే ఆ పదాలకు భాషావేత్త, సంగీతజ్ఞుడు, దేశికవితాభిమాని ఒక్కరే కావడం అదృష్టం. మద్రాసు సంగీత అకాడమీ 1974లో సంగీతకళానిధి బిరుదుతో ఆయనను గౌరవించింది. 1979 మార్చి 11న ఆయన పరమపదించారు.

అన్యసాహిత్యాల పఠనం వల్ల స్వభాషాభిమానం సన్నగిల్లుతుందనే శంక ప్రాచ్యకళాశాలల పాఠ్యప్రణాళికా చర్చలలో తరచు వినవచ్చేదే. శర్మగారి జీవితం దానికి సమాధానం. ప్రాకృతం, కన్నడం ఆయనను తెలుగుకు దూరం చేయలేదు. తెలుగు పండితులు వెలుపల నిలిపిన తెలుగు కవిని లోపలికి తెచ్చే చూపునిచ్చాయి. కన్నడ సర్వజ్ఞుని త్రిపదులు, తమిళ కురళ్లు వేమన పద్యాలతోపాటు చదివే విద్యార్థికి ఆ చూపు నేడూ లభిస్తుంది. అందుకు అవకాశం కల్పించడం మన ప్రణాళికల బాధ్యత.