సేవామూర్తి ఎడిత్ కావెల్

ఎడిత్ కావెల్ 1865వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన ఇంగ్లండు దేశమందలి స్వార్డెస్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి ఆ గ్రామపు చర్చికి మతగురువు. ఫ్రెంచి భాష నేర్చిన ఆమె 1890లో బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సునకు పోయి, అయిదేండ్లు ఒక సంపన్న కుటుంబములోని పిల్లలకు చదువు చెప్పెను. 1895లో తండ్రి జబ్బుపడగా ఇల్లు చేరి ఆయనకు పరిచర్య చేసెను. ఆ పరిచర్యయే ఆమె జీవితమార్గమును మార్చెను. 1896లో, ముప్పదియేండ్లు నిండిన పిమ్మట, లండన్ హాస్పిటలునందు నర్సు శిక్షణకు చేరెను.

1907లో డాక్టరు ఆంట్వాన్ డెపేజ్ బ్రస్సెల్సులో నర్సుల శిక్షణాలయమును నెలకొల్పి, దానిని నడపుటకు ఆమెను పిలిపించెను. అప్పటికి ఆ దేశమున రోగుల పరిచర్య చాలవరకు సన్యాసినుల చేతిలో నుండెడిది. గౌరవకుటుంబముల స్త్రీలు జీతమునకు పనిచేయుట చిన్నతనముగా ఎంచబడెడిది. పైగా ఆమె పరదేశస్థురాలు, అన్యశాఖకు చెందిన క్రైస్తవురాలు. తొలుత చేరిన విద్యార్థినులు బహు కొద్దిమంది. అయినను ఆమె వెనుదీయక, శుభ్రతను, వేళతప్పని పనిని, రోగియెడ దయను తాను పాటించి వారికి నేర్పెను. కొలది సంవత్సరములలోనే ఆసుపత్రులును, పాఠశాలలును ఆమె నర్సులను కోరసాగెను.

1914లో యుద్ధము వచ్చినపుడు ఆమె స్వదేశమున తల్లికడ నుండెను. అయినను బ్రస్సెల్సునకే తిరిగి పోయెను. గాయపడినవారికి పక్షభేదము లేక సేవ చేసెను. జర్మనుల ఆక్రమణలో చిక్కిన సుమారు 200 మంది మిత్రరాజ్య సైనికులు హాలెండునకు తప్పించుకొనుటకు తోడ్పడెను. 1915 ఆగస్టులో బంధింపబడి, చేసినపనిని దాచక ఒప్పుకొని, అక్టోబరు 12న జర్మను సైనికుల తుపాకులకు బలియయ్యెను. 1919లో ఆమె భౌతికకాయమును ఇంగ్లండునకు తెచ్చి నార్విచ్ నగరమున సమాధి చేసిరి.

కొత్తచోట కొత్తవృత్తిని చేపట్టు యువతీయువకులకు ఈమె చరిత్ర మిక్కిలి పఠనీయము.